మేస్త్రికి సూది

మొన్న శనివారం తిరువళ్ళూరులో రైలెక్కి తిరుత్తణికి వెళ్తున్నాను. తిరువాలంగాడు దాటాక కోత కోసిన మళ్ళలో బాతుల మంద కనబడింది. ముందు నడిచేవి తలలెత్తుకుని ఏదో పంచాయితీకి పోతున్నట్టు పోతున్నాయి. వెనకవి బురదలో ముక్కులు పెట్టి దొరికింది దొరికినట్టు మింగుతున్నాయి. మంద వెనక పొడుగు కర్ర పట్టుకుని ఒక మనిషి. నాకు పైకే నవ్వొచ్చింది. ఎదుటి సీట్లో పూలు కట్టుకుంటున్న ఆమె తలెత్తి చూసి, ఏమనుకుందో ఏమో, తానూ నవ్వింది. రైలు ఆ మళ్ళు దాటేసరికి నాకు ఏడుపొచ్చింది. ఆమె మళ్ళీ తలెత్తలేదు. మర్యాద తెలిసిన మనిషి.

బాతును చూస్తే నాకు మా మామ గుర్తొస్తాడు. అమ్మకు తమ్ముడు. పోయి రెండేళ్ళు కావస్తోంది.

మామను తలచుకుంటే నాకు ముందు కనబడేది ముఖం కాదు, వేళ్ళు. ఏదైనా ఆలోచిస్తున్నాడంటే కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కలిపి నలుపుతూ ఉండేవాడు. మగ్గం మీద పోగు తెగితే నేతగాడు రెండు కొసలనూ అలాగే పురి తిప్పి అతుకుతాడు. మామ చేతిలో పోగు లేకపోయినా వేళ్ళు ఆ పని చేస్తూనే ఉండేవి. పెళ్ళిపందిట్లో, బస్సులో, గుడి వరసలో కూడా. "ఏం మామా, ఏం తెగింది?" అని నేను ఎగతాళి చేస్తే, "తెగకముందే చూసుకుంటా ఉండాను పాపా" అనేవాడు.

తిరుత్తణి నుంచి బస్సులో పోవాలి మా ఊరికి. నేతగాళ్ళ వీధి. ఇళ్ళల్లో తెలుగు, వీధి మలుపు తిరిగితే తమిళం. ఒక్కొక్క ఇంట్లో పవర్‌లూమ్ దిగిపోయి, మాట వినబడాలంటే అరవాల్సిన కాలంలో కూడా మామ గుంత మగ్గం మీదే లుంగీలు నేశాడు. అది పట్టుదలేమీ కాదు. "ఆ మెషీను ముందర నిలబడల్ల పాపా. నాకు కూర్చునే పనే చేతనవుతాది" అనేవాడు. చిన్నప్పుడే ఎడమకాలు సన్నబడిపోయింది ఆయనకు. మగ్గం కింద రెండు తొక్కుడు చెక్కలనూ కుడికాలితోనే తొక్కేవాడు. గుంతలోంచి పైకి రావాలంటే రెండు చేతులూ నేలకు ఆనించి ఒళ్ళు పైకి తెచ్చుకుని, చివర్లో ఎడమకాలిని చేత్తో ఎత్తి, నిద్రపోయే బిడ్డను పక్కకు జరిపినట్టు జరుపుకునేవాడు.

అంత కష్టపడి పైకొచ్చి వీధి తిన్నె మీద కూర్చున్నాడంటే ఏదో తీర్మానం చేయబోతున్నాడని అర్థం. గుంతలో కూర్చుని ఆయన ఏదీ తీర్మానించేవాడు కాదు. తిన్నెక్కాక దారిన పోయే ప్రతివాడినీ ఆపి సలహా అడగాలి. పాలవాడు ఒకటంటే "అదీ సరే" అనేవాడు. పూలమ్మ దానికి సరిగ్గా ఎదురు చెప్తే "అదీ సరే" అనేవాడు. ఒకసారి ఇంటికి రంగు కొట్టించాలనుకుని నీలమా పసుపా అని వీధినంతా రెండు పార్టీలుగా చీల్చాడు. వాళ్ళు మామ తిన్నె ముందు నిలబడి పోట్లాడుకున్నారు కూడా. చివరికి సున్నం కొట్టించాడు.

"ఇదేంది మామా?" అన్నాను.

"నీలం అన్నోళ్ళకూ బాధ లేదు, పసుపన్నోళ్ళకూ బాధ లేదు."

అలాంటి మనిషి ఒక బాతును పెంచుకున్నాడు. పెంచుకోవాలా వద్దా అని ఎవరినీ అడగకుండా ఆయన చేసిన పని బహుశా అదొక్కటే. ఒక ఏడాది, మందలు తోలుకుని ఊరూరా తిరిగే బాతులవాళ్ళు మా ఊరి చెరువు (మేం ఏరి అంటాం) కింద మళ్ళలో దిగారు. మంద వెళ్ళిపోయాక గట్టు మీద ఒక గుడ్డు మిగిలిపోయింది. అవ్వ, అంటే మామకు తల్లి, దాన్ని కొంగులో తెచ్చి, పొరుగింట్లో పొదుగుతున్న పెట్ట కింద పెట్టించింది. పిల్ల బయటికొచ్చింది. పెట్టకోడి దాన్ని రెండు రోజులు అనుమానంగా చూసి, అది నీళ్ళ తొట్టిలో దూకేసరికి దండం పెట్టేసింది. తల్లి వదిలేసిన బాతుపిల్ల మగ్గం చప్పుడు విని మా ఇంట్లోకి నడిచొచ్చి, గుంత అంచున నిలబడి, తల వంచి ఒంటికన్నుతో లోపలికి చూసింది. లోపల మామ. అంతే, ఇద్దరికీ కుదిరిపోయింది.

దానికి మేస్త్రి అని పేరు పెట్టాడు. నేసిన గుడ్డ కొలిచి, తప్పులు పట్టి, సణిగి తీసుకుపోయేవాడిని మా వైపు మేస్త్రి అంటారు. ఈ బాతు కూడా మగ్గం పక్కనే నిలబడి, పోగు మోసుకుని నాడా అటు పోతే అటూ ఇటు పోతే ఇటూ తల తిప్పుతూ, పోగు తెగి మగ్గం ఆగిందంటే అరిచి గోల చేసేది. అది గుడ్లు పెట్టడం మొదలుపెట్టాక కూడా పేరు మారలేదు. "ఆడదైతే మేస్త్రి కాకూడదా?" అన్నాడు మామ. తెల్లారి వీధిలో పడుగు పోగులు చాపి గంజి పెడుతుంటే మేస్త్రి ఆ పోగుల కింద ఈ చివరినుంచి ఆ చివరికి నడుస్తూ, కారిన గంజి తాగుతూ పోయేది. వీధంతా తిట్టేది. మామ మాత్రం, "దానికి గంజి చిక్కదనం తెలుస్తాది. బాగలేకుంటే తాగదు" అని అందరికీ చెప్పుకునేవాడు. నాకు తెలిసి అది తాగని గంజంటూ లేదు.

ఒక ఎండాకాలం మేస్త్రి ఒళ్ళంతా గీరుకోవడం మొదలుపెట్టింది. రెక్క ఎత్తి చూస్తే ఈకల మొదళ్ళలో పేలు. మామ తిన్నెక్కాడు. ఒకాయన వేపాకు నూరి పూయమన్నాడు. ఒకామె బూడిద అంది. ఇంకొక మహానుభావుడు కిరసనాయిలు అన్నాడు. "అదీ సరే, అదీ సరే" అని అన్నీ విని, చివరికి మామ తనకు తెలిసిన విద్యకే వచ్చాడు. పచ్చినూలు చేతికొస్తే నేతగాడు మొదట చేసే పని దాని జిడ్డు తీయడం. జిడ్డు పోనిదే రంగు పట్టదు.

"పేలు యాడుంటాయి? జిడ్డులో ఉంటాయి. జిడ్డే తీసేస్తే అవి యాడ నిలబడతాయి?" అన్నాడు.

ఆ తర్కానికి ఎదురు చెప్పినవాడు లేడు. వీధిలో అందరూ నేతగాళ్ళే మరి. కుంకుడుకాయలు నానబెట్టి, పిసికి, గోరువెచ్చని నీళ్ళలో మేస్త్రిని పోగుల కట్టను జాడించినట్టు జాడించాడు. నురుగులోంచి దాని పసుపు ముక్కు ఒక్కటే బయటికి కనబడుతోంది. కడిగాక మల్లెపువ్వులా వచ్చింది. "చూసినావా పాపా, ఎట్ల తెల్లబడిందో!" అని మురిసిపోయి, దాన్ని తీసుకెళ్ళి పెరట్లో నీళ్ళ తొట్టిలో వదిలాడు.

రోజూ ఆ తొట్టిలో దర్జాగా తేలే బాతు తడిసిన గుడ్డలా కిందికి దిగిపోసాగింది. మెడ మాత్రం పైకెత్తి మామ వైపు చూసింది. మామ ఒంటికాలి మీద ఎలా దూకాడో తెలియదు, మోచేతుల దాకా నీళ్ళలో పెట్టి దాన్ని పైకి తీశాడు. అది గజగజ వణుకుతోంది. మగ్గం మీదున్న కొత్త లుంగీని కోసి, దాన్ని అందులో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని ఎండలో కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటినా లేవలేదు. అన్నం తినలేదు. మామ మగ్గం చప్పుడు వినబడకపోయేసరికి, అవ్వకేమైనా అయిందేమోనని ఇద్దరు ముగ్గురు తలుపు దగ్గరికి వచ్చి తొంగి చూశారు.

నేను తిరుత్తణి మాట్టాస్పత్రికి ఫోన్ చేశాను. పశువుల ఆస్పత్రికి మా వైపు అదే పేరు. అక్కడి డాక్టరమ్మ చిన్నవయసుది, ఓపిక గల మనిషి. నేను చెప్తుంటే అటువైపు ఊపిరి బిగబట్టడం వినబడింది. నవ్వు ఆపుకుంటోందని అర్థమైంది. తర్వాత తమిళంలో నిదానంగా చెప్పింది. బాతు తోక దగ్గర నూనె ఊరుతుంది, దాన్ని ముక్కుతో తీసి ఈకలకు పూసుకుంటుంది, ఆ జిడ్డే దానికి వానకోటు. అది మళ్ళీ పట్టేదాకా నీళ్ళలో వదలకుండా వెచ్చగా ఉంచండి. పడుకునే గడ్డి మార్చండి. పేలకు మందు కావాలంటే బరువు చూసి నేనే ఇస్తాను, ఇంట్లో ఉన్నవేవీ పూయకండి. అలాగే రెట్ట కొంచెం తెస్తే కడుపులో పురుగులున్నాయేమో కూడా చూస్తాను అంది.

ఫోన్ పెట్టాక మామ చాలాసేపు వేళ్ళు నలుపుకుంటూ కూర్చున్నాడు.

"ఇన్నేండ్లు జిడ్డు తీసేదే నేర్చుకున్నా పాపా. ఉంచేది కూడా ఒక పనే అని నాకెవురూ చెప్పలా."

మేస్త్రి బతికింది. ఆ రెట్టను మామ కొత్త టిఫిన్ డబ్బాలో పెట్టుకుని, తుండుగుడ్డలో కట్టి, ఒళ్ళో పెట్టుకుని బస్సులో తీసుకెళ్ళాడు. పక్కసీటాయన "ఏం మామా, డబ్బాలో పొంగలా?" అనడిగితే, అబద్ధం చెప్పలేక నిజం చెప్పాడట. ఆ తర్వాత తిరుత్తణి దాకా సీటంతా మామదే. పురుగులున్నాయని తేలింది, మందిచ్చారు. డాక్టరమ్మ చెప్పిన గడువు తీరేదాకా గుడ్లు తినకూడదన్నారు. రోజూ గుడ్డు తినే అవ్వ సణిగింది. మామ ఆ గుడ్లను ములగచెట్టు కింద పాతిపెట్టాడు, ఎవరైనా తీసి వండుకుంటారని పైన బండ కూడా పెట్టాడు.

ఇంతవరకూ నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. ఆ ఏడు కోతలయ్యాక జరిగింది తలచుకుంటే నాకు నవ్వు రాదు.

బాతులవాళ్ళు మళ్ళీ మా ఏరి కింద దిగారు. వాళ్ళు దిగిన కొన్నాళ్ళకు, అవతలి ఊళ్ళో వేరే మందలో బాతులు పడిపోతున్నాయని కబురొచ్చింది. పొద్దున బాగున్నది సాయంత్రానికి కాళ్ళు చచ్చుబడి కూలబడుతోందట. మా ఇంటి పెరటి వెనక పారే కాలువ మా ఏరి కింద మళ్ళలోంచే వస్తుంది. మేస్త్రి రోజూ ఆ కాలువలోనే ఈదుతుంది. నేను ఫోన్లో వెతికి, బాతులకు వచ్చే జబ్బులన్నీ మామకు చదివి వినిపించాను. కొంతసేపు విని చెయ్యెత్తాడు.

"చాలు పాపా. ఇన్ని రోగాలుంటే లోకంలో బాతనేదే ఉండకూడదే!"

డాక్టరమ్మకు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. ఒంటరిగా ఇంట్లో తిరిగే బాతయితే నేనే అక్కర్లేదనేదాన్ని, కానీ మీకు ఏరి కింద దిగిన మందతో నీళ్ళు కలుస్తున్నాయి కాబట్టి తడుప్పూసి వేయించడమే మంచిది అంది. టీకాను మేం తమిళంలో అలాగే అంటాం. అయితే ఆ మందు ఒక్క బాతుకని రాదు. ఒక సీసా విప్పితే బాతుల మంద మొత్తానికి సరిపోతుంది, మిగిలింది ఆరోజే పారేయాలి. శుక్రవారం బాతులవాళ్ళ మందకు వేయడానికి ఎలాగూ విప్పుతాం. వాళ్ళు ఆస్పత్రి వెనక మైదానానికి వచ్చేలోపల, పొద్దున్నే మీరు తెచ్చేస్తే మీదానికే మొదటి సూది వేసి పంపిస్తాను అంది. ఆలస్యమైతే మాత్రం ఆ మందతో కలిసి నిలబడాల్సి వస్తుంది, అప్పుడు రాకపోవడమే మేలు అని హెచ్చరించింది.

"ఆ సూదిలో ఏముంటాదమ్మా?" అనడిగాడు మామ.

రోగం తెచ్చే క్రిమినే నీరసపడేట్టు చేసి ఇస్తామని, ఆరోగ్యంగా ఉన్న బాతుకు దానివల్ల రోగం రాదని, ఒంటికి రోగాన్ని ముందే గుర్తుపట్టడం నేర్పుతుందని చెప్పింది. చివర్లో "పయపడాదీంగ" అంది. భయపడొద్దనడానికి డాక్టర్లు వాడే మాటే అది. కానీ "క్రిమి" అన్న మాట దగ్గరే అవ్వ రాట్నం ఆగిపోవడం నేను విన్నాను. అవ్వ గోడవారగా కూర్చుని మామ నాడాకు నూలు కండెలు చుడుతోంది.

అవ్వ సంగతి ఇక్కడ చెప్పాలి. ఆమెకు మొదటి బిడ్డ ఆడపిల్ల. నడక నేర్చిన ఈడులో, సూది వేయించిన వారంలోనే జ్వరం వచ్చి పోయింది. ఆ జ్వరానికీ సూదికీ సంబంధం ఉందో లేదో చెప్పేవాళ్ళు అప్పుడు లేరు. అడిగే ధైర్యం అవ్వకు లేదు. తర్వాత మా అమ్మ పుట్టింది, ఆ తర్వాత మామ. సూదులూ చుక్కలూ వేసేవాళ్ళు మళ్ళీ వీధిలోకి వచ్చినప్పుడు అవ్వ మామను మగ్గం గుంతలో కూర్చోబెట్టి, పైన చాప కప్పి, పిల్లోడు ఊళ్ళో లేడని చెప్పి పంపేసింది. ఆ మరుసటి వానాకాలం మామకు జ్వరం వచ్చింది. పోలియో. జ్వరం పోతూ పోతూ కాలి సత్తువను తీసుకుపోయింది.

మా ఇంట్లో ఇది అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. అవ్వ ఇంట్లో ఉంటే రేడియోలో చుక్కల మందు ప్రకటన వచ్చినా అమ్మ రేడియో గొంతు తగ్గించేది. మామ ఒక్కసారి, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, నాతో ఒంటరిగా అన్నాడు. "గుంతలో చీకట్లో కూర్చోని బలే సంబరపడినా పాపా. అమ్మ నాతో దాగుడుమూతలు ఆడతా ఉండాదనుకున్నా." ఆ మాట చెప్పి నవ్వాడు. తల్లీకొడుకులిద్దరూ అదే గుంతకు అటు ఒకరు ఇటు ఒకరు కూర్చుని, ఆమె కండెలు చుట్టి అందిస్తే ఆయన నేస్తూ, ఆ ఒక్క సంగతి తప్ప లోకంలోని సంగతులన్నీ మాట్లాడుకుంటూ బతికారు.

గురువారం సాయంత్రం మామ గుంతలోంచి పైకొచ్చాడు. అలవాటుగా తిన్నె మీదికి పోతాడనుకున్నాను. ఈసారి పోలేదు. దారిన పోయేవాళ్ళనెవరినీ అడగలేదు. చేతుల మీద జరుగుతూ వచ్చి అవ్వ రాట్నం పక్కన కూర్చున్నాడు. నేను సెలవు పెట్టి వచ్చి ఉన్నాను, గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను.

"మా, మేస్త్రికి సూది వేయించల్లా, వద్దా? నువ్వు చెప్పు."

అవ్వ రాట్నం తిప్పుతూనే ఉంది. "నన్నడగద్దు నాయినా. డాక్టరమ్మ చెప్పింది గదా. అట్లే చెయ్యి."

"ఆయమ్మ చెప్పింది విన్నా. నాకు నీ మాట కావల్ల."

"నా మాట మంచిది కాదు." రాట్నం ఆగింది. "ఒకసారి చెప్పినాను. చాలు."

నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళలో అవ్వ నోట ఆ సంగతి ఆ మాత్రంగానైనా రావడం అదే మొదలు. మామ వేళ్ళు నలుపుకోవడం లేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వు వద్దంటే వద్దు మా. వేయిద్దామంటే వేయిద్దాం. ఏమైనా సరే నిన్నేమీ అనను. అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను."

అవ్వ చుట్టిన కండెలన్నీ గంపలో సర్ది లోపలికి వెళ్ళిపోయింది. నాకు మామ మీద కోపం వచ్చింది. ఒక బాతు కోసం ముసలామెను ఇంతలా అడగాలా అనిపించింది. పైకే అన్నాను కూడా.

"బాతు కోసరం కాదులే పాపా" అన్నాడు మామ.

తెల్లారి నేను లేచేసరికి అవ్వ స్నానం చేసి, గుడికి పోయేటప్పుడు కట్టే చీర కట్టుకుని, వీధి తిన్నె మీద కూర్చుని ఉంది. పక్కన కండెల గంప. గంపలో గడ్డి, గడ్డి మీద మేస్త్రి. దాన్ని ఎప్పుడు పట్టుకుందో, అరవకుండా ఎలా కూర్చోబెట్టిందో నాకు తెలియదు.

"లెయ్యండి. బస్సు పోతాది" అంది మమ్మల్ని చూసి. "ఆ మంద వచ్చేలోపల రమ్మనింది గదా ఆయమ్మ."

మేస్త్రికి ఏమైందోనని ఎవరికైనా దిగులుంటే ఇక్కడే చెప్పేస్తాను. ఆ ఏడు మా ఏరి కింద కొన్ని బాతులు పోయాయి. మేస్త్రికి ఏమీ కాలేదు. ఇంకా చాలా ఏళ్ళు గంజి తాగి, వీధి చేత తిట్లు తిని, ముసలితనంతోనే పోయింది. దానికంటే ముందు అవ్వ పోయింది.

ఆస్పత్రిలో మేమే మొదట. డాక్టరమ్మ మేస్త్రిని తిప్పి చూసి, కళ్ళు చూసి, నడిపించి చూసి, బాగుంది వేయొచ్చంది. సీసా విప్పి మందు కలుపుతూ, ఎవరు పట్టుకుంటారని అడిగింది. నేను చేతులు చాపాను.

"మా అమ్మ పట్టుకుంటాది" అన్నాడు మామ.

అవ్వ ఆయన ముఖంలోకి చూసింది. మామ తల ఊపాడు. అవ్వ బెంచీ మీద కూర్చుని, మేస్త్రిని ఒళ్ళో పెట్టుకుని, రెక్కల మీద రెండు చేతులూ వేసి, కళ్ళు గట్టిగా మూసుకుంది. పెదాలు ఏదో గొణుగుతున్నాయి. డాక్టరమ్మ మెడ దగ్గర ఈకలు పక్కకు తీసి, చర్మం పైకెత్తి, సూది వేసి, చెయ్యి తీసేసింది. మేస్త్రి ఒకసారి విసుక్కున్నట్టు మెడ తిప్పింది.

అవ్వ కళ్ళు తెరవలేదు. "ఎయ్యమను నాయినా. నేను పట్టుకోనుండాను."

"ఏసేసినారు మా."

అవ్వ కళ్ళు తెరిచింది. "ఎప్పుడు?"

"ఇప్పుడే."

ఆమె మేస్త్రిని అటూ ఇటూ తిప్పి చూసింది. అది అవ్వ కొంగు అంచు పట్టుకుని లాగుతోంది.

"ఇంతేనా?"

"ఇంతే."

డాక్టరమ్మ అవతలి గదిలోకి వెళ్ళిపోయింది. దూరంగా రోడ్డు మీద బాతుల అరుపులు వినబడుతున్నాయి, మంద వచ్చేస్తోంది. అవ్వ మాత్రం లేవలేదు. మేస్త్రి మీదున్న చెయ్యి తీసి పక్కన కూర్చున్న మామ ఎడమ మోకాలి మీద వేసింది. ఆ కాలిని ఆమె ముట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు.

"ఇంతేనా నాయినా?" అంది మళ్ళీ. ఆ గొంతు వినలేక నేను కిటికీ వైపు తిరిగాను.

"ఇంతే మా" అన్నాడు మామ. "అప్పుడు నీకెవురూ ఇట్ల పక్కన కూర్చోబెట్టి చూపీలేదు. అంతే. లే, ఇంటికి పోదాం."